గోడమీది కాగితం

పదో తరగతి పరీక్షల రోజుల్లో బడి ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు షట్టర్ దించేసి ఉంటుంది. ఎందుకని అడిగితే, మెట్టు మీద కూర్చున్న కుర్రాడు "నూటనలభైనాలుగు పెట్టారండీ" అంటాడు. పోలింగ్ ముందురోజు టీకొట్టు దగ్గర నలుగురు చేరితే కానిస్టేబుల్ వచ్చి అదే మాట అంటాడు. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్న మర్నాడు పేపరు తెరిస్తే మళ్లీ అదే. చట్టంలోని అంకెలు తెలుగు నోట ఇంతగా నలిగినవి ప్రధానంగా రెండు: 420, 144. మొదటిది తిట్టుగా స్థిరపడింది. రెండోదాన్ని వాతావరణంలా తీసుకోవడం అలవాటైంది. బయట వాన ఉందన్నట్టు "ఇవాళ 144 ఉంది" అంటాం. అదెవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎన్నాళ్లుంటుందో అడగం.

నిజానికి ఆ మూడు ప్రశ్నలకూ జవాబు సెక్షన్‌లోనే ఉంది. అచ్చులో ఒక పేజీకి మించని ఆ నిబంధనను ఒక్కసారి నిదానంగా చదివితే, దాన్ని రాసిన చేయి ఎంత ఆలోచించి రాసిందో తెలుస్తుంది. ఈ అధికారాన్ని ఎవరు ఎలా వాడారన్నది వేరే కథ, అక్కడికీ వస్తాను. ముందు పనిముట్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూద్దాం.

దీని మూలం 1861 నాటి తొలి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. 144 అనే అంకె 1882 కోడ్‌తో వచ్చింది. 1898 కోడ్ ఆ అంకెను ఉంచింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన స్వతంత్ర భారతపు కోడ్ కూడా ఉంచింది. 2024 జులై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక ఇది 163వ సెక్షన్ అయింది. మాటలు మాత్రం దాదాపు అవే. వింతేమిటంటే, కొత్త సంహితలో 144 నంబరు భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు మనోవర్తి ఇప్పించే సెక్షన్‌కు వెళ్లింది. ఈ లెక్కన ఇవాళ ఎవరైనా "144 పెట్టారు" అంటే కోర్టు గుమాస్తాకు మనోవర్తి కేసు గుర్తుకు రావాలి. అయినా జనం నోట్లో పాత అంకే ఉంది కాబట్టి ఈ వ్యాసంలోనూ అదే వాడతాను.

మొదటి ఉపసెక్షన్ అంతా ఒకే వాక్యం. దాని సారాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు. చర్య తీసుకోవడానికి తగిన ఆధారం ఉందని, వెంటనే నివారించడమో త్వరగా చక్కబెట్టడమో అవసరమని మేజిస్ట్రేటు భావించాలి. అప్పుడు ముఖ్యమైన వాస్తవాలు పేర్కొంటూ రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుతో ఎవరినైనా ఫలానా పని చేయవద్దనవచ్చు, లేదా తమ అధీనంలో ఉన్న ఆస్తి విషయంలో ఫలానా చర్య తీసుకోమనవచ్చు. అలా చేస్తే పనిచేసుకునేవారికి ఆటంకం, చికాకు, హాని కలగకుండా ఉంటుందనో, మనుషుల ప్రాణానికి, ఆరోగ్యానికి, భద్రతకు అపాయం తప్పుతుందనో, ప్రజాశాంతికి భంగం, అల్లర్లు, బాహాబాహీ ఆగుతాయనో అతనికి అనిపించాలి.

ఈ వాక్యంలో మొదట గమనించాల్సింది కర్త. వీధిలో కనిపించేది ఖాకీ చొక్కా కాబట్టి 144 పోలీసుల అధికారమని అందరూ అనుకుంటారు. కానీ వాక్యంలో పోలీసు అనే మాటే లేదు. ఉత్తర్వు ఇవ్వాల్సినవారు జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు, అంటే మన ఆర్డీవో. తహసీల్దారు లాంటి ఇతర ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం కట్టబెట్టి ఉండాలి. గొడవ అయ్యేట్టుందని చెప్పే మనిషి ఒకరు, విని నిర్ణయించే మనిషి ఇంకొకరు. ఎస్సై కబురు తెస్తాడు, ఆర్డీవో సంతకం పెడతాడు. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఆ కాస్త దూరమే ఈ నిర్మాణంలో మొదటి జాగ్రత్త.

రెండోది "వెంటనే" అన్న మాట. ఆధారం ఉండటం ఒక్కటే చాలదు, ఆలస్యం చేస్తే అనర్థం జరిగే పరిస్థితి కూడా ఉండాలి. ఈ రెండింటినీ వాక్యం "మరియు"తో ముడివేసింది. అక్కడ "లేదా" అని రాసి ఉంటే ఈ సెక్షన్ స్వభావమే మారిపోయేది. చట్టం రాసేవాళ్లకు ఇంత చిన్న మాట దగ్గరే పనితనం బయటపడుతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు: "ముఖ్యమైన వాస్తవాలు పేర్కొంటూ రాతపూర్వకంగా." ఊరంతటి మీద ఆంక్ష పెట్టగల అధికారిని చట్టం ముందు కూర్చుని రాయమంటోంది. నోటిమాట చెల్లదు. ఫలానా తేదీన ఫలానా చోట ఇది జరిగింది, ఫలానా కారణంగా రేపు ఇది జరిగేట్టుంది అని కాగితం మీద పెట్టాలి. పోట్లగిత్తను కొని తెచ్చిన రైతు దాన్ని కాడికి కట్టేముందే ముకుతాడు వేస్తాడు. అధికారం ఇచ్చిన వాక్యంలోనే దాని ముకుతాడు కూడా ఉంది.

ఇక క్రియలు. ఉత్తర్వు ప్రధానంగా చేయగలిగింది ఒకటే, "ఆ పని చేయకు" అని చెప్పడం. ఆస్తి విషయంలో మాత్రం కొంత చేయమనవచ్చు. పేలుడు సామాను గోదాము ఖాళీ చేయించడం లాంటివి. జనం బుర్రలో ఈ సెక్షన్‌తో పెనవేసుకుపోయినవి కొన్ని అసలు ఇందులో లేవు. "ఐదుగురు" అన్న లెక్క లేదు. అది చట్టవిరుద్ధ సమూహాన్ని నిర్వచించే వేరే సెక్షన్ నుంచి వచ్చి, ఉత్తర్వుల్లో అలవాటుగా చేరింది. కర్ఫ్యూ అనే మాట లేదు. లాఠీ లేదు, తుపాకీ లేదు. గుంపును చెదరగొట్టే అధికారం సంహితలో 148వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు సైతం ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాలి, వినకపోతేనే బలప్రయోగం. సైన్యాన్ని పిలవడం 149లో. ఆదేశం ఒక అరలో, బలం ఇంకో అరలో. ఒక అర తీసినంత మాత్రాన రెండోది తెరుచుకోదు.

ఉత్తర్వు ఉల్లంఘిస్తే? శిక్ష ఇంకో పుస్తకంలో, భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్‌లో ఉంది. ఉత్తర్వు సంగతి తెలిసి ఉండాలి, ఆ ఉల్లంఘన వల్ల ఆటంకమో అపాయమో కలగాలి లేదా కలిగే అవకాశం ఉండాలి. గీత దాటినంత మాత్రాన నేరం పూర్తి కాదు. పైగా కోర్టు ఆ కేసు చేపట్టాలంటే సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మళ్లీ రాతే!

ఉత్తర్వు తెలియడం ఎలా అన్నదానికీ ఏర్పాటు ఉంది. వీలైతే సమన్లు అందించినట్టు మనిషికి అందించాలి. వీలుకాకపోతే చాటింపు వేయించాలి, నలుగురికీ కనిపించే చోట నకలు అంటించాలి. మన ఊళ్లలో దండోరా వేసే పద్ధతికి చట్టం ఇచ్చిన చోటు అది. ఈ వివరం ఎంత ముఖ్యమో 2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో తెలిసింది. 144 ఉత్తర్వు ఉందంటూ పోలీసులు నిద్రలో ఉన్న నిరాహార దీక్షాశిబిరాన్ని ఖాళీ చేయించారు. ఉత్తర్వు తెలుసుకుని, లేచి, వెళ్లిపోవడానికి జనానికి తగిన వ్యవధి ఇవ్వకపోవడాన్ని 2012 ఫిబ్రవరి 23 నాటి తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. శిబిరం నడిపినవారికీ కొంత బాధ్యత ఉందని కూడా చెప్పింది.

మిగతా ఉపసెక్షన్లు చిన్నవే గాని నేర్పుగా అమర్చినవి. అత్యవసరమైతే ఎదుటివారిని వినకుండానే ఉత్తర్వు ఇవ్వొచ్చని రెండోది అంటుంది. ఒక మనిషికి గాని, ఒక ప్రాంతంలో ఉండేవారికి గాని, అక్కడికి వచ్చేపోయేవారికి గాని ఇవ్వొచ్చని మూడోది. నాలుగోది గడియారం. రెండు నెలలు దాటితే ఉత్తర్వు దానంతటదే చచ్చిపోతుంది. ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. ఇంకా పొడిగించాలంటే కలెక్టరు వల్ల కాదు, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, అదీ ఆరు నెలలకు మించకుండా.

ఈ పొడిగింపు దగ్గర ఒక సూక్ష్మం ఉంది. మొదటి ఉత్తర్వుకు చికాకు, ఆటంకం, ప్రజాశాంతికి భంగం కూడా కారణాలవుతాయి. పొడిగింపు కారణాల జాబితాలో అవి లేవు. ప్రాణానికి, ఆరోగ్యానికి, భద్రతకు అపాయం, అల్లర్లు, బాహాబాహీ మాత్రమే మిగిలాయి. అంటే చిన్న కారణానికి చిన్న గడువు, పెద్ద కారణానికే పెద్ద గడువు. ఈ తేడాను చట్టం విడమరిచి చెప్పలేదు. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూసినవాడికే అది కనిపిస్తుంది. మంచి నేతచీరలో అంచు ఎక్కడ మొదలైందో వేలితో తడిమితే తెలిసినట్టు ఉంటుంది ఈ పని.

అయిదో ఉపసెక్షన్ ప్రకారం ఉత్తర్వును రద్దు చేయమని, మార్చమని బాధితులు ఎవరైనా అడగొచ్చు. ఏడో ఉపసెక్షన్ ఆ అడిగినవారికి త్వరగా అవకాశం ఇవ్వాలంటుంది. స్వయంగా గాని, వకీలు ద్వారా గాని హాజరై ఉత్తర్వు ఎందుకు తప్పో చెప్పుకోవచ్చు. కాదంటే ఆ కాదనడానికి కారణాలు మళ్లీ రాతలో ఉండాలి. వినకుండా ఇచ్చిన ఉత్తర్వుకు తర్వాతైనా వినాల్సిన బాధ్యతను జోడించారన్నమాట.

144 మూలం ఉన్న ఆ 1861లోనే పుట్టిన ఇంకో నిబంధనను పక్కన పెట్టి చూడాలి. "పోలీస్ యాక్ట్ 30 అమల్లో ఉంది" అని మన జిల్లా పేజీల్లో వచ్చే వార్త దాని గురించే. ఇది నిజంగా పోలీసుల సొంత అధికారం. దీనిలోనూ క్రియల ఎంపికే చూడదగ్గది. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా నడవాలో నిర్దేశించవచ్చు, ఏ దారిన ఏ వేళకు వెళ్లాలో చెప్పవచ్చు, కొన్ని సందర్భాల్లో లైసెన్సు తీసుకోమనవచ్చు. ఆ లైసెన్సుకు రుసుము వసూలు చేయకూడదు. "నిషేధించు" అనే క్రియ ఆ సెక్షన్‌లో లేదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభ దగ్గర తొక్కిసలాటలో 8 మంది చనిపోయాక, 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సెక్షన్ పేరుతోనే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 తెచ్చింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. విషాదం నిజమైనదే. కానీ నడిపించడానికి ఇచ్చిన అధికారాన్ని ఆపేయడానికి మళ్లిస్తే ఆ పాత సెక్షన్ ఒప్పుకోదు.

పనిముట్టుకు పదును పెట్టినవాళ్లు న్యాయమూర్తులు. నాగపూర్‌లో కార్మిక సంఘాల గొడవ వల్ల 1956లో జారీ అయిన ఉత్తర్వు మీద బాబూలాల్ పరాటే కేసు నడిచింది. 1961లో సుప్రీంకోర్టు సెక్షన్‌ను నిలబెట్టింది. నిలబెట్టడానికి ఎంచుకున్న కారణాలు మనం పైన చూసినవే. అధికారం మేజిస్ట్రేటుది, వాస్తవాలు రాయాలి, బాధితుడు వెళ్లి అడగొచ్చు. అంటే ఈ కట్లు ఉన్నాయి కాబట్టే అధికారం నిలిచింది. కట్లు తెంపి వాడితే ఆ తీర్పు అండ కూడా ఉండదు.

ఏ స్థాయి గొడవకు ఏ అధికారమన్న కొలతను జస్టిస్ హిదాయతుల్లా ఇచ్చారు. 1965లో రామ్‌మనోహర్ లోహియా నిర్బంధం కేసులో ఆయన మూడు వలయాలను ఊహించుకోమన్నారు. అన్నిటికన్నా పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల ప్రజా వ్యవస్థ, అందులోపల చిన్నది దేశ భద్రత. పెద్ద వలయంలో అలజడి రేగినంత మాత్రాన లోపలి వలయం కదిలిందని కాదు. తాగినవాళ్లిద్దరు కొట్టుకోవడం శాంతిభద్రతల విషయం. దానికోసం ఊరి నోరు మూయనక్కర్లేదు. లోహియాను నిర్బంధించిన ఉత్తర్వులో ఉండాల్సిన మాట బదులు "శాంతిభద్రతలు" అని రాశారు. ఆ మాట తేడాతోనే ఆయన బయటికొచ్చారు. 1970లో మధు లిమయే కేసులో ప్రధాన న్యాయమూర్తిగా అదే హిదాయతుల్లా ఉన్న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 144కు ప్రాణం ఆ "వెంటనే" అన్న అత్యవసరమేనని తేల్చింది.

1981 నాటి గులాం అబ్బాస్ తీర్పు ఇంకో ముడి విప్పింది. వారణాసిలో మతాచారాలు జరుపుకునే షియాల హక్కును కోర్టులు ఖాయం చేశాక కూడా, అవతలివాళ్లు గొడవ చేస్తారంటూ హక్కున్నవాళ్లనే ఏటేటా 144తో ఆపేవారు. కొట్టేవాణ్ణి వదిలి ఏడ్చేవాడి నోరు నొక్కినట్టు. హక్కు తేలినచోట దానికి అండగా, అడ్డొచ్చేవారి మీద ఈ అధికారం వాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1983లో కలకత్తా కేసు. ఆనందమార్గ్ అనే ఆధ్యాత్మిక సంస్థ అనుయాయుల తాండవ నృత్య ఊరేగింపు మీద 1979 నుంచి గడువు తీరిన ప్రతిసారీ కొత్త ఉత్తర్వు వస్తూనే ఉంది. ఆనందమార్గీల మత స్వేచ్ఛ వాదన నెగ్గలేదు గాని, రెండు నెలల గడియారాన్ని ఇలా తిప్పుతూ పోవడం అధికార దుర్వినియోగమని కోర్టు స్పష్టంగా అంది.

ఈ వరుసలో చివరి పెద్ద పని 2020 జనవరి 10 నాటి అనురాధా భసీన్ తీర్పు. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్‌లో పెట్టిన 144 ఆంక్షలు, ఇంటర్నెట్ నిలిపివేత దాని నేపథ్యం. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు మనవాళ్లు. తీర్పు రాసిన జస్టిస్ ఎన్.వి. రమణది ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం. జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిది ఉమ్మడి మెదక్ జిల్లా. మూడోవారు జస్టిస్ బి.ఆర్. గవాయ్. ఆ తీర్పులో నాకు నచ్చింది దాని మొదటి మెట్టు. ఉత్తర్వు బాగుందా లేదా అనేముందు అసలు ఉత్తర్వు కాగితం ఏదీ అని అది అడిగింది. జనం చూడలేని ఉత్తర్వును జనం ప్రశ్నించలేరు కాబట్టి ప్రచురించి తీరాలంది. ఉత్తర్వులో ముఖ్యమైన వాస్తవాలు పేర్కొనాలని, ఆంక్ష ఆ అపాయానికి తగినంతే ఉండాలని, న్యాయంగా అభిప్రాయం చెప్పుకోవడాన్ని అణచడానికి 144 పనికిరాదని తేల్చింది. అయితే ఆ ఉత్తర్వులను తాను రద్దు చేయలేదు, అధికారులనే సమీక్షించుకోమంది. సూత్రం పదునుగా చెప్పి, కోత మాత్రం అధికారుల చేతికే వదిలిన తీర్పని దాన్ని తప్పుపట్టేవారి మాటలోనూ నిజముంది.

మెచ్చుకుంటూ లోపాలు దాచడం పరిచయం అనిపించుకోదు. "చికాకు" అనే మాట ఈ సెక్షన్‌లో మొదటినుంచీ వదులు మేకు. ఎలాంటి చికాకు, ఎంత చికాకు అన్నది చెప్పకపోవడంతో అందులో ఏదైనా ఇముడుతుంది. ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటునే మళ్లీ అడగాల్సి రావడం రెండో లోపం. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి కమిషనరేట్లలో ఈ మేజిస్ట్రేటు అధికారం పోలీసు కమిషనర్‌కే ఇస్తారు. అక్కడ కబురు తెచ్చే చేయి, సంతకం పెట్టే చేయి ఒకే శాఖవి. నేను మొదట మెచ్చుకున్న ఆ కాస్త దూరం నగరాల్లో చెరిగిపోతుంది. జనం ఎక్కువగా గుమికూడేది, గొడవలు త్వరగా ముదిరేది నగరాల్లోనే కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

అన్నిటికన్నా పెద్ద లోపం సెక్షన్‌ది కాదు, వాడేవారిది. పాత ఉత్తర్వులో తేదీ మార్చి కొత్తది చేస్తే వాస్తవాలు రాయమన్న షరతు అర్థం లేనిదవుతుంది. పరీక్షా కేంద్రం పక్కన జెరాక్స్ షాపు మూయించడానికీ, మతకలహం ఆపడానికీ ఒకే పనిముట్టును రోజూ తీస్తుంటే దాని పదునూ పోతుంది, దాని మీద భయమూ పోతుంది, గౌరవం కూడా పోతుంది. నిజంగా ఊరు అంటుకునే రోజున ఈ సెక్షన్ కావాల్సిందే. ఆ రోజు కోసమే దీన్ని దాచుకోవాలి.

కాబట్టి ఈసారి మీ వీధిలో ఆ కాగితం కనిపిస్తే ఆగి చదవండి. ఎవరి సంతకం, ఏ తేదీ, ఎప్పటివరకు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, అన్నిటికీ మించి ఎందుకు అన్నది చూడండి. "ఎందుకు" అన్నచోట ఊరి సంగతి లేకుండా సెక్షన్ నంబరు ఒక్కటే ఉంటే, ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి సంతకం పెట్టిన అధికారి ఆఫీసులో ఇవ్వండి. అయిదో ఉపసెక్షన్ రాసింది మీకోసమే.